డ్రెబిన్‌నూ క్లూజోనూ ఒకే గాటన కట్టకండి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. లియామ్ నీసన్ నటించిన 2025 నాటి ‘ది నేకెడ్ గన్’ చూసి బాగా నవ్వుకున్నారు, ఇక పాతవి ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ఒకటి. ఇన్‌స్పెక్టర్ క్లూజో వచ్చే ‘పింక్ పాంథర్’ సినిమాలు కూడా ఇదే కోవలోకి వస్తాయా అన్నది రెండోది. ఇంత వెర్రి వ్యవహారానికి సినిమా తీసేవాళ్లు అంత గౌరవం ఎందుకు ఇస్తారన్నది మూడోది. హాస్య సన్నివేశాలను ఎడిటింగ్ గదిలో ఏళ్ల తరబడి కోసి అతికించినవాణ్ని కాబట్టి నాకు మూడోదే ముందు. అది తేలితే మిగతా రెండింటికి పెద్ద వివరణ అక్కర్లేదు.

హీరోకు తాను హాస్య సినిమాలో ఉన్నానన్న సంగతి తెలియకూడదు. ఈ మాట అందరూ అంటారు. కానీ ‘నేకెడ్ గన్’ పోలీసు ఫ్రాంక్ డ్రెబిన్‌ను పుట్టించినవాళ్లు దాన్ని ఎంత మొండిగా పాటించారో చూస్తే తప్ప దాని విలువ అర్థం కాదు. వాళ్లు ముగ్గురు. జిమ్ అబ్రహామ్స్, డేవిడ్ జుకర్, జెర్రీ జుకర్. చివరి ఇద్దరూ అన్నదమ్ములు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వాళ్లది. 1970ల మొదట్లో మాడిసన్ నగరంలో ‘కెంటకీ ఫ్రైడ్ థియేటర్’ అనే నాటక బృందం పెట్టి, టీవీ ప్రకటనలను వెక్కిరిస్తూ ప్రదర్శనలు ఇచ్చేవారు. వెక్కిరించడానికి ముడిసరుకు కావాలి కదా, అర్ధరాత్రి టీవీలో వచ్చే ప్రకటనలను టేపులో పట్టేవారు. ఆ వలలో ఒకసారి ప్రకటనలతో పాటు 1957 నాటి ‘జీరో అవర్!’ అనే సినిమా పడింది. విమానంలో భోజనం విషమై పైలట్లు కూలబడతారు, యుద్ధం నాటి భయం వదలని ఒక మాజీ పైలట్ విమానాన్ని దించాలి. నవ్వు జాడ లేకుండా, పళ్లు బిగబట్టి తీసిన సినిమా అది.

వీళ్లు దాని హక్కులు కొనుక్కుని, ఆ కథనే, చాలాచోట్ల ఆ సంభాషణలనే ఉంచి 1980లో ‘ఎయిర్‌ప్లేన్!’ తీశారు. అసలు తెలివి నటుల ఎంపికలో ఉంది. రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, పీటర్ గ్రేవ్స్, లెస్లీ నీల్సన్. అప్పటికి వీళ్లలో ఏ ఒక్కరికీ హాస్యనటుడన్న పేరు లేదు. అందరూ కనుబొమలు ముడిచి సంక్షోభాలను ఎదుర్కొనే పాత్రల్లో స్థిరపడినవాళ్లు. వాళ్లచేత ఆ ముడిచిన కనుబొమలతోనే అర్థంపర్థం లేని మాటలు పలికించారు. నేపథ్య సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టీన్‌ది. ఆయన కూడా నిజమైన విమాన ప్రమాదానికి ఇచ్చినట్టే వాయించారు. తెర మీద ఎగిరేది జెట్ విమానం, వినిపించేది ప్రొపెల్లర్ మోత. దాని గురించి సినిమాలో ఎవరూ ఒక్క మాట అనరు. సుమారు 35 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమా ఒక్క ఉత్తర అమెరికాలోనే 8 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది.

ఆ నలుగురిలో నీల్సన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1926లో కెనడాలోని రెజైనాలో పుట్టారు. తండ్రి కెనడా మౌంటెడ్ పోలీసు దళంలో ఉద్యోగి, అన్న ఎరిక్ తరువాతి కాలంలో ఆ దేశ ఉప ప్రధాని. ఇంట్లోనే అంత ఖాకీ, అంత గాంభీర్యం. 1956లో ‘ఫర్బిడెన్ ప్లానెట్’లో వ్యోమనౌక కమాండర్, 1972లో ‘ది పొసైడన్ అడ్వెంచర్’లో మునిగిపోయే ఓడకు కెప్టెన్. వీటన్నిటికంటే మనకు పనికొచ్చేది 1961-62లో ఏబీసీ చానల్‌లో వచ్చిన ‘ది న్యూ బ్రీడ్’ అనే సీరియల్. అందులో ఆయన లాస్ ఏంజెలిస్ పోలీసు లెఫ్టినెంట్. నిర్మాత క్విన్ మార్టిన్. అమెరికా టీవీలో నేర పరిశోధన సీరియళ్లకు ఒక మూస పోసిపెట్టిన మనిషి.

ఇరవై ఏళ్లు గడిచాక, 1982లో, అదే ఏబీసీలో నీల్సన్ మళ్లీ పోలీసు లెఫ్టినెంట్ అయ్యారు. ఈసారి సీరియల్ పేరు ‘పోలీస్ స్క్వాడ్!’, పాత్ర పేరు ఫ్రాంక్ డ్రెబిన్. చేసిందల్లా క్విన్ మార్టిన్ మూసను యథాతథంగా తీసుకుని లోపల సరుకు మార్చడమే. నీల్సన్ గొంతు మార్చలేదు, నడక మార్చలేదు. ‘న్యూ బ్రీడ్’లో ఆధారాలు అడిగిన గొంతుతోనే ఇక్కడ, భర్త చనిపోయిన ఆవిడతో, ఇంకా ముందే వద్దామనుకున్నాం గానీ అప్పటికి మీ ఆయన చనిపోలేదని పరామర్శిస్తాడు. ఆవిడా ఆ మాటను మామూలుగానే తీసుకుంటుంది.

‘పోలీస్ స్క్వాడ్!’ మొత్తం ఆరు ఎపిసోడ్లే. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడ. ఒక్కో ఎపిసోడ్ పాతిక నిమిషాలు మించదు. దాని వెనక 1957-60 మధ్య లీ మార్విన్ నటించిన ‘ఎం స్క్వాడ్’ అనే సీరియల్ ఉంది, క్విన్ మార్టిన్ సీరియళ్ల వరుస ఉంది. వాటిని మీరు చూసి ఉండక్కర్లేదు. ఏ పోలీసు సీరియల్ చూసినా ఆ వాసన పట్టేస్తారు. పేర్లు పడేటప్పుడు క్విన్ మార్టిన్ సీరియళ్లలో నిజంగా వ్యాఖ్యానం చెప్పిన హ్యాంక్ సిమ్స్‌నే పిలిపించి చెప్పించారు. ఆయన గొంతు ఎపిసోడ్ పేరు ఒకటి చదువుతుంది, తెర మీద మరొకటి పడుతుంది. ‘ఈ వారం ప్రత్యేక అతిథి నటుడు’ అంటూ ఒక పేరున్న తారను పరిచయం చేసి, ఆ పరిచయం పూర్తయ్యేలోగా చంపేస్తారు. లోర్న్ గ్రీన్, విలియం షాట్నర్ వంటివాళ్లు ఆ కొద్ది సెకన్ల చావు కోసం వచ్చి వెళ్లారు. డ్రెబిన్ కారు ఆపినప్పుడల్లా చెత్తడబ్బాలను గుద్దుతాడు, ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ ఆ డబ్బాలు పెరుగుతూ పోతాయి. ఆఫీసులో ఆల్ అనే ఉద్యోగి ఎంత పొడగరి అంటే అతని తల ఎప్పుడూ ఫ్రేములో పట్టదు. మిగతావాళ్లు తలెత్తి అతనితో మాట్లాడతారు, అంతే.

ఎడిటర్‌గా నాకు ఇందులో ప్రాణమైనది ప్రతి ఎపిసోడ్ ముగింపు. 1960లు, 70ల సీరియళ్లలో కేసు తేలాక అందరూ ఆఫీసులో నిలబడి ఏదో అని నవ్వుతారు, ఆ నవ్వు మీద బొమ్మ ఆగిపోతుంది, పేర్లు పైకి పాకుతాయి. ఆ ఆగిన బొమ్మను ల్యాబులో చేసేవారు, ఒకే ఫ్రేమును ఆప్టికల్ ప్రింటర్ మీద మళ్లీ మళ్లీ ముద్రించి. ‘పోలీస్ స్క్వాడ్!’ వాళ్లు ల్యాబుకు వెళ్లలేదు. నటులే కదలకుండా బిగుసుకుపోతారు, కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక ఎపిసోడ్‌లో ఒకాయన కాఫీ పోస్తూ ఆగిపోతాడు, కాఫీ కప్పు నిండి, పొర్లి, కారుతూనే ఉంటుంది, అతను మాత్రం చిరునవ్వుతో అలాగే. ఇంకోదాంట్లో బేడీలు వేసిన నేరస్థుడు, చుట్టూ అందరూ బొమ్మల్లా నిలబడి ఉండటం గమనిస్తాడు. ఒకసారి అటూ ఇటూ చూస్తాడు. తప్పించుకునే దారి వెతుక్కుంటాడు. మరోదాంట్లో ఒక చింపాంజీకి మాత్రం ఈ ఒప్పందం సంగతి తెలియదు, ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. సినిమా సాంకేతికతలోని ఒక అలవాటును పట్టుకుని, దాన్ని మనుషుల ఒళ్లతో చేసి చూపించడం ఎంత పెద్ద ఆలోచనో, ఒక్కసారైనా ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇంత ఉన్నా సీరియల్ నిలబడలేదు. 1982 మార్చిలో నాలుగు ఎపిసోడ్లు వేసి ఆపేశారు, మిగిలిన రెండూ జూలైలో ఎలాగో వేసి చేతులు దులుపుకున్నారు. ఎందుకు తీసేశారంటే ఏబీసీలో పైస్థాయి అధికారి టోనీ థోమోపోలస్ ఇచ్చిన కారణం ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఇది అర్థం కావాలంటే ప్రేక్షకుడు దీన్ని చూడాలట! పాపం ఆయన అబద్ధం చెప్పలేదు. అప్పటి ఇళ్లలో టీవీ మోగుతూ ఉంటుంది, ఇల్లాలు వంట చేస్తుంది, పిల్లలు హోంవర్కు చేస్తారు, నవ్వులు వినిపించినప్పుడు తలెత్తితే చాలు. ‘పోలీస్ స్క్వాడ్!’లో ఆ వెనకనుంచి వినిపించే రికార్డు నవ్వులే లేవు. ఎప్పుడు తలెత్తాలో చెప్పే దిక్కు లేదు. చెవితో వింటే అది అచ్చం మామూలు పోలీసు సీరియల్, కంటితో చూస్తేనే పిచ్చి. ఆ ఏడాది నీల్సన్‌కు హాస్య సీరియల్ ప్రధాన నటుడిగా ఎమ్మీ టీవీ అవార్డు నామినేషన్ వచ్చింది, ఆగిపోయిన సీరియల్‌కు!

ఆరేళ్ల తరువాత, 1988 డిసెంబరులో, అదే మనిషి, అదే పాత్ర థియేటరులోకి వచ్చాయి. ‘ది నేకెడ్ గన్: ఫ్రమ్ ది ఫైల్స్ ఆఫ్ పోలీస్ స్క్వాడ్!’ డేవిడ్ జుకర్ దర్శకుడు, రచనలో ఆ ముగ్గురితో పాటు ప్యాట్ ప్రాఫ్ట్. చీకటి హాలులో డబ్బిచ్చి కూర్చున్నవాడు తెర తప్ప వేరే ఏం చూస్తాడు? టీవీలో చచ్చిన హాస్యమే ఇక్కడ హాలు దద్దరిల్లేలా చేసింది. కథ చిన్నది. లాస్ ఏంజెలిస్‌కు వస్తున్న ఎలిజబెత్ రాణిని చంపాలని విన్సెంట్ లడ్విగ్ అనే వ్యాపారి పథకం, దాన్ని డ్రెబిన్ అడ్డుకోవాలి. లడ్విగ్‌గా రికార్డో మోంటల్‌బాన్, డ్రెబిన్ ప్రేమించే జేన్‌గా ప్రిసిల్లా ప్రెస్లీ, పై అధికారి ఎడ్‌గా జార్జ్ కెనడీ. కెనడీకి అప్పటికే ఆస్కార్ ఉంది. ఆయనా గంభీరమైన మనిషే, చూశారా.

డేవిడ్ జుకర్ బృందానికి హాస్యం గురించి సొంత నియమాలు కొన్ని ఉన్నాయి. అందులో మొదట చెప్పుకునేది, ఒకేసారి రెండు హాస్యాలు పెడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి అనేది. నటుడు నవ్వు వచ్చే మాట అంటున్నాడంటే గంభీరంగా అనాలి. వెనకాల పిచ్చి జరుగుతుంటే ముందున్నవాళ్లకు అది కనిపించనే కూడదు. ముందు పిచ్చి జరిగితే వెనకవాళ్లు పట్టించుకోకూడదు. దీన్ని వాళ్లు ఎలా అమలు చేశారో ఒక్క ఘట్టంలో చూపిస్తాను.

నేరస్థుడు కారులో పారిపోతున్నాడు. డ్రెబిన్ ఎదురుగా వచ్చిన కారెక్కి ‘వెంబడించు’ అంటాడు. అది డ్రైవింగ్ స్కూలు కారు. నడిపేది వణుకుతున్న ఒక అమ్మాయి, పక్కన ముసలి శిక్షకుడు. ఆ శిక్షకుడు జాన్ హౌస్‌మన్. 1973లో ‘ది పేపర్ చేజ్’లో విద్యార్థులను గడగడలాడించే లా ప్రొఫెసర్‌గా ఆస్కార్ తెచ్చుకున్న పెద్దమనిషి. ఈ సినిమా విడుదలకు కొద్ది వారాల ముందే కన్నుమూశారు. వీధుల్లో ఛేజింగ్ జరుగుతుంటే ఆయన ఆ ప్రొఫెసర్ గొంతుతోనే, తొణకకుండా, గేరు ఎప్పుడు మార్చాలో, అద్దం ఎప్పుడు చూసుకోవాలో, అడ్డొచ్చిన ట్రక్కు డ్రైవరు తిడితే కిటికీలోంచి చెయ్యి చాపి ఏ వేలు చూపించాలో పాఠం చెబుతాడు. అమ్మాయి చెప్పినట్టే చేస్తుంది. ఇందులో హాస్యమంతా ఆయన తొందరపడకపోవడంలో ఉంది. ఆయన ఒక్కసారి కంగారుపడినా, ఒక్కసారి డ్రెబిన్ వైపు కళ్లు తేలేసి చూసినా ఇది మామూలు ఛేజింగ్ అయిపోయేది.

ఆ పారిపోయే కారు చివరికి ఇంధన ట్యాంకరును గుద్దుకుంటుంది, ఆపైన ఒక క్షిపణి, దాని మీదుగా బాణసంచా దుకాణం. పేలుళ్లు, మంటలు, ఆకాశమంతా రంగులు. డ్రెబిన్ అప్పుడు జనం వైపు తిరిగి, వెళ్లండి వెళ్లండి, ఇక్కడ చూడటానికేమీ లేదని పంపించేస్తుంటాడు. డ్రెబిన్ వెనక్కి తిరిగి చూడడు. కెమెరా కూడా దగ్గరికి వెళ్లి ‘చూశారా ఎంత పేలుడో’ అనదు. ముందు మనిషి, వెనక ప్రళయం, రెండూ ఒకే షాట్‌లో. అదే షాట్‌ను నేను ముక్కలు చేసి, పేలుడు ఒక కట్, డ్రెబిన్ ముఖం ఒక కట్, జనం ముఖాలు ఒక కట్ వేస్తే నవ్వు మూడో వంతుకు పడిపోతుంది. నవ్వు ఆ రెండింటి మధ్య దూరంలో ఉంది, కట్ వేయగానే ఆ దూరం పోతుంది.

విలేఖరుల సమావేశం ఘట్టం కూడా ఇలాగే కొలిచి కోసింది. డ్రెబిన్ కోటుకు పెట్టిన మైకు ఆపకుండానే బాత్‌రూముకు వెళతాడు. వేదిక మీద మేయరు రాణిగారి రాక గురించి హుందాగా మాట్లాడుతుంటే, లౌడ్‌స్పీకర్లలో బాత్‌రూము మోత వినిపిస్తుంటుంది. ఆ ధార ఆగదు, ఆగిందనుకున్నప్పుడు మళ్లీ మొదలవుతుంది. శబ్దం మోటుదే, కానీ మనల్ని నవ్వించేది వేదిక మీద కూర్చున్న ముఖాలు. మర్యాద తప్పకూడదు, విననట్టు ఉండాలి. ఎడిటర్ బాత్‌రూము మీద కన్నా ఆ ముఖాల మీదే ఆధారపడ్డాడు.

ఇక మీ రెండో ప్రశ్న. చేతగాని పోలీసు అనగానే అందరూ ఇన్‌స్పెక్టర్ క్లూజోను, డ్రెబిన్‌ను కలిపి మాట్లాడతారు. నా లెక్కలో ఇద్దరికీ చుట్టరికం చాలా దూరం.

క్లూజో చుట్టూ ఉన్న ప్రపంచం సవ్యంగా ఉంటుంది. ఫ్రెంచి ఇళ్లు, సేవకులు, సొగసైన గదులు, తెలివైన దొంగలు. అతనొక్కడే తేడా. పైగా తాను తేడా అని అతనికి లోలోపల తెలుసు. అందుకే పడ్డ ప్రతిసారీ లేచి, కోటు సర్దుకుని, కావాలనే పడ్డట్టు ఒక మాట అంటాడు. మనం నవ్వేది ఆ పరువు కాపాడుకునే తాపత్రయానికి. 1964 నాటి ‘ఎ షాట్ ఇన్ ది డార్క్’లో బిలియర్డ్స్ గది ఘట్టం చూడండి. జార్జ్ శాండర్స్ ఆతిథ్యమిచ్చే దొర, పీటర్ సెల్లర్స్ ఆడేందుకు కర్ర తీసుకున్న అతిథి. ఆయన చేతికి వంకర కర్ర వస్తుంది, బట్ట చిరుగుతుంది, కర్రను స్టాండులో పెట్టబోతే మిగతావన్నీ రాలిపడతాయి, ఒకటి సర్దితే ఇంకొకటి జారుతుంది. సెల్లర్స్ ఇదంతా చేస్తూనే సంభాషణ ఆపడు, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూనే ఉంటాడు. ఒక పెద్దమనిషి ఇంట్లో ఏదైనా పగలగొట్టి దాన్ని కాలితో సోఫా కిందికి నెట్టిన వాళ్లందరికీ ఆ బాధ తెలుసు.

ఆ ప్రపంచం సవ్యమైనది కనుకే అక్కడ కమిషనర్ డ్రైఫస్ అవసరం పడ్డాడు. హెర్బర్ట్ లోమ్ వేసిన ఆ పై అధికారి మామూలు మనిషి, బుర్ర ఉన్నవాడు. క్లూజో చేసే పనులన్నీ అతనికి కనిపిస్తాయి, ఆ క్లూజో ప్రతిసారీ గెలవడమూ కనిపిస్తుంది. ముందు కన్ను అదురుతుంది, తరువాత సిగారు కత్తిరించే పరికరంలో బొటనవేలు పెట్టుకుంటాడు, చివరికి పిచ్చాసుపత్రి. డ్రెబిన్ సినిమాల్లో డ్రైఫస్ లాంటివాడు ఒక్కడు దొరుకుతాడేమో వెతకండి. దొరకడు. అక్కడ పై అధికారి ఎడ్‌కు డ్రెబిన్ మంచి పోలీసనే నమ్మకం. విలనూ అంతే, శాస్త్రవేత్తా అంతే. ప్రపంచమంతా ఒకే పిచ్చిలో ఉంది, కాబట్టి దాన్ని గుర్తించే మనిషే లేడు. క్లూజోలో మనం మనిషిని చూసి నవ్వుతాం. డ్రెబిన్‌లో పోలీసు సినిమా అనే దాన్ని చూసి నవ్వుతాం. పేరడీ అన్న మాట సరిగ్గా సరిపోయేది రెండోదానికే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1963 నాటి తొలి ‘పింక్ పాంథర్’ అసలు డిటెక్టివ్ కోసం తీసింది కాదు. ఆ పేరు ఒక వజ్రానిది, ప్రధాన తార వజ్రాల దొంగగా వేసిన డేవిడ్ నివెన్. క్లూజోగా ముందు అనుకున్నది పీటర్ ఉస్టినోవ్‌ను. ఆయన తప్పుకుంటే సెల్లర్స్ వచ్చి సినిమా మొత్తాన్నీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ సంగతి గ్రహించి మరుసటి ఏడాదే ‘ఎ షాట్ ఇన్ ది డార్క్’లో క్లూజోను నడిమధ్యకు తెచ్చారు. డ్రైఫస్, ఇంట్లో మాటువేసి క్లూజో మీదికి దూకే పనివాడు కేటో పుట్టింది అందులోనే. కాబట్టి క్లూజో కావాలంటే ముందు అదే చూడండి, తొలి సినిమా తరువాత చూసినా పర్వాలేదు. 1975 నుంచి వరుసగా వచ్చిన మూడింటిలో 1976 నాటి ‘ది పింక్ పాంథర్ స్ట్రైక్స్ అగైన్’ మెరుగు. 1980లో సెల్లర్స్ మరణించాక, పాత సినిమాల్లో వాడకుండా వదిలేసిన ముక్కలు ఏరి 1982లో ‘ట్రెయిల్ ఆఫ్ ది పింక్ పాంథర్’ అని ఒకటి అతికించారు. సెల్లర్స్ భార్య కోర్టుకెక్కి గెలిచారు. ఎడిటింగ్ టేబుల్ మీద చేయకూడని పనులకు నేను చూపించే ఉదాహరణ అది. అలన్ ఆర్కిన్ 1968లో, స్టీవ్ మార్టిన్ 2006లోనూ 2009లోనూ ఆ కోటు తొడుక్కున్నారు. ఇద్దరూ గొప్ప నటులే. కానీ సెల్లర్స్ క్లూజో పరువు కోసం పాకులాడాడు, స్టీవ్ మార్టిన్ క్లూజో నవ్వు కోసం పాకులాడాడు. మొదటి అయిదు నిమిషాల్లోనే తేడా తెలిసిపోతుంది.

మళ్లీ డ్రెబిన్ దగ్గరికి. 1991లో ‘నేకెడ్ గన్ 2½’, 1994లో ‘33⅓’ వచ్చాయి. ‘2½’ బాగానే ఉంటుంది. విలన్ రాబర్ట్ గూలే, సీరియల్‌లో పేర్లు పడుతుండగానే చచ్చిన అతిథి తారల్లో ఒకడు. మూడోదానికి దర్శకుడు మారాడు, పీటర్ సీగల్. సినిమాకన్నా దాని పోస్టరు గొడవ ఆసక్తిగా ఉంటుంది. గర్భిణిగా ఉన్న డెమీ మూర్‌ను ఆనీ లీబోవిట్జ్ తీసిన పత్రిక ముఖచిత్రం అప్పట్లో సంచలనం. పారమౌంట్ వాళ్లు అదే భంగిమలో మరో గర్భిణిని ఫోటో తీసి, తల దగ్గర నీల్సన్ కొంటె నవ్వు అతికించారు. లీబోవిట్జ్ దావా వేశారు. 1998లో అమెరికా అప్పీళ్ల కోర్టు అది పేరడీయే, న్యాయమైన వాడకమేనని తేల్చింది. ఆ ఫోటోలోని గాంభీర్యాన్ని వెక్కిరించడమే దాని ఉద్దేశమన్నది కోర్టు గ్రహించిన ముఖ్యాంశం. ఊరికే నకలు కొట్టడానికీ పేరడీకీ మధ్య గీత ఎక్కడుందో అడిగే కుర్ర దర్శకులకు నేను ఈ కేసు చదవమంటాను.

ఇంకొకటి. ఈ మూడు సినిమాల్లోనూ అడుగడుగునా దెబ్బలు తినే పోలీసు నార్డ్‌బర్గ్ పాత్ర వేసింది ఓ.జె. సింప్సన్. మూడోది విడుదలైన కొద్ది నెలలకే, 1994 జూన్‌లో, హత్యారోపణపై అరెస్టయ్యాడు. ఆ తరువాత ఆ సన్నివేశాలకు నవ్వడం చాలామందికి కష్టమైంది. నాకూ కాస్త ఇబ్బందే. తెలిసి చూడండి.

నీల్సన్ తరువాత ఈ తరహా పేరడీలు గుంపులుగా వచ్చాయి, ఆయనే కొన్నిటిలో నటించారు. చాలావరకు వదిలేయొచ్చు. అప్పటికి ఆయనకు తాను నవ్విస్తానన్న సంగతి తెలిసిపోయింది, కళ్లలో ఆ మెరుపు కనిపిస్తుంది. మీకు నచ్చిన 2025 సినిమా ఎందుకు నిలబడిందో ఇక ఊహించగలరు. దర్శకుడు అకీవా షాఫర్ హాస్యనటుణ్ని వెతకలేదు. ‘షిండ్లర్స్ లిస్ట్’ చేసిన మనిషిని, ‘టేకెన్’లో ఫోనులో బెదిరించిన గొంతును తెచ్చి డ్రెబిన్ కొడుకుగా నిలబెట్టాడు. 1980లో స్టాక్, బ్రిడ్జెస్, గ్రేవ్స్, నీల్సన్‌లను ఎంచుకున్న లెక్కే ఇది. సన్నివేశం సన్నివేశానికీ ఎవరో అందించే ఆ కాఫీ కప్పులను నీసన్ ఎంత సహజంగా అందుకుంటాడో గమనించే ఉంటారు.

మన దగ్గర ఎందుకు రాలేదని మీరు చివర్లో ఒక వాక్యం కలిపారు. వచ్చాయి, కానీ వేరే దారిలో. జంధ్యాల దర్శకత్వంలో 1986లో వచ్చిన ‘చంటబ్బాయ్’లో చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావు. పోలీసు కాదు గానీ మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలలోంచి వచ్చిన ఆ పాత్ర క్లూజో వైపు మనిషి. చుట్టూ ప్రపంచం సవ్యం, అతని బడాయే హాస్యం. పేరడీ వైపు అయితే అల్లరి నరేష్‌తో భీమనేని శ్రీనివాసరావు తీసిన ‘సుడిగాడు’ ఉంది, 2012లో. తమిళంలో వచ్చిన ‘తమిళ్ పడమ్’కు అది తెలుగు రూపం. వరుసబెట్టి తెలుగు సినిమాలను వెక్కిరించింది, ఆడింది. కానీ అక్కడ ఒక్కో హాస్యం ఒక్కో సినిమాను గుర్తుపట్టడం మీద నిలబడింది. ఏ సినిమా గురించో తెలియకపోతే నవ్వు రాదు. ‘పోలీస్ స్క్వాడ్!’ ఏ ఒక్క సన్నివేశాన్నీ గుర్తుపట్టమనదు, ఆ జాతి మొత్తం నడకను గుర్తుపట్టమంటుంది. అందుకే ‘ఎం స్క్వాడ్’ పేరు వినని మనం కూడా నవ్వగలుగుతున్నాం.

మన హాస్యానికి అడ్డుపడేది ఇంకొకటి ఉంది, అది ఎడిటింగ్ గదిలోనే పుడుతుంది. హాస్యనటుడు మాట అనగానే ‘టొయ్ఁ’ అని ఒక శబ్దం, వెంటనే ఎదుటివాడి వెర్రిముఖం మీద కట్. ‘ప్రేక్షకుడికి అందదు సార్, ఒక రియాక్షన్ వేయండి’ అన్న మాట నేను ఎన్ని సినిమాలకు విన్నానో. ఆ రియాక్షన్ వేసిన క్షణాన తెర మీద ఒకడికి సంగతి అర్థమైనట్టు. ఒకడికి అర్థమైతే డ్రెబిన్ ప్రపంచం కూలిపోతుంది. మన నటుల్లో ఇది చేయగల గంభీరులు లేరని నేను అనను. రెండు తరాల విలన్లూ తండ్రి పాత్రధారులూ ఉన్నారు, కనుబొమలు ముడిచే విద్యలో ఎవరికీ తీసిపోరు. వాళ్ల చేత గంభీరంగానే పిచ్చిమాటలు పలికించి, వెనక శబ్దం వేయకుండా ఆగే నిర్మాత కావాలి.

ఇక చూసే వరుస. ముందు ‘పోలీస్ స్క్వాడ్!’ ఆరు ఎపిసోడ్లు, రోజుకు ఒకటి చొప్పున. వరుసగా చూస్తే కన్ను అలసిపోయి సగం వదిలేస్తుంది. తరువాత 1988 సినిమా. దాని తరువాత ‘ఎయిర్‌ప్లేన్!’ చూస్తే ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఆపైన ‘2½’. మూడోది మీ ఇష్టం. క్లూజోను వేరే వారానికి ఉంచుకోండి, పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరికీ అన్యాయం. ఫోను పక్క గదిలో పెట్టండి. థోమోపోలస్ చెప్పింది మాత్రం నిజం, దీన్ని చూడాలి.

1988 సినిమా చివరి అరగంట బేస్‌బాల్ మైదానంలో నడుస్తుంది కాబట్టి అర్థం కాదేమో అన్నారు. మూడు ముక్కలు తెలిస్తే చాలు. బ్యాటరు వెనక నిలబడి తీర్పు చెప్పే అంపైరు, బంతి సరిగా వస్తే ‘స్ట్రైక్’ అని చెయ్యి ఎత్తి అరుస్తాడు. ఏడో ఇన్నింగ్స్ నడుమ ప్రేక్షకులు లేచి ఒళ్లు విరుచుకోవడం అక్కడి ఆనవాయితీ, రాణి మీద దాడి జరగాల్సింది ఆ సమయంలో. చంపాల్సిందిగా మంత్రించి పంపిన ఆటగాడు రెజ్జీ జాక్సన్, నిజజీవితంలోనూ అదే పేరుతో ఆడిన పెద్ద తార. డ్రెబిన్ ముందు జాతీయగీతం పాడే గాయకుడి వేషంలో, తరువాత అంపైరు వేషంలో మైదానంలోకి దిగుతాడు. ఆటగాళ్ల దగ్గర ఆయుధం ఉందేమోనని తడుముతూ ఇష్టం వచ్చినట్టు ‘స్ట్రైక్’ అంటాడు, జనం చప్పట్లు కొట్టేసరికి ఆ మెప్పు తలకెక్కి ప్రతి తీర్పుకూ చిందులేస్తాడు. ఇంతకు మించి బేస్‌బాల్ అక్కర్లేదు, డ్రెబిన్‌కు తెలిసింది ఇంతకన్నా తక్కువే.